నుదుటికి రెండు లైన్లు

ఈ రోజు పొద్దున క్లినిక్‌లో తెల్లకోటు తొడుక్కుంటూ జేబులో చెయ్యి పెట్టేసరికి చిన్న స్టీలు డబ్బా మూత ఊడి ఉంది. జేబంతా లవంగాల వాసన. బయట మైనస్ ఇరవై ఎనిమిది. కారు దిగి తలుపు దాకా నడిచేలోపే ముక్కులో తడి గడ్డకట్టే చలి. అలాంటి చలిలోంచి వచ్చిన ముక్కుకి కూడా ఆ వాసన సూటిగా తగిలింది. మా నర్సు తల తిప్పి, ఎవరైనా ఆపిల్ పై బేక్ చేసి తెచ్చారా అని అడిగింది. పై కాదు, మొదటి నరం అన్నాను. ఆవిడ భుజాలెగరేసి తన పనిలో పడింది. భుజాలెగరేయడం పదకొండో నరం పని, కానీ అది కూడా చెబితే నన్ను పిచ్చిదాన్ని అనుకుంటుందని ఊరుకున్నాను. పేషెంట్లు వచ్చే వేళ అవుతున్నా, లవంగాలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను.

మెదడు నుంచి నేరుగా బయటికొచ్చే నరాలు పన్నెండు జతలు. వాటిలో మొదటిది వాసనది. దాన్ని పరీక్షించకుండానే 'నరాలన్నీ బాగున్నాయి' అని రాసేసే డాక్టర్లు చాలామంది ఉంటారు. నేనూ అలాగే రాసేదాన్ని. నా చేత ఆ అలవాటు మాన్పించింది ఏ ప్రొఫెసరో కాదు. పదో తరగతి తప్పి, కృష్ణా జిల్లాలో పద్య నాటకాలాడే బృందంలో చేరి, నలభై ఏళ్ళు రాక్షస వేషాలు వేసి, ఆ తర్వాత కూతురితో పాటు కెనడాలోని సస్కటూన్ వచ్చి పడిన ఒక మనిషి. కోటిలింగం గారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, హుషారు వస్తుంది. ఇప్పుడే ఎవరికైనా నరాల పాఠం చెప్పెయ్యాలనిపిస్తుంది.

నేను వరంగల్లులో ఎంబీబీఎస్ చదివి వచ్చినదాన్ని. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా డిగ్రీ గోడకి కూడా పనికిరాలేదు, ఎందుకంటే అద్దె ఇంటి గోడకి మేకు కొట్టనివ్వరు. నాలుగేళ్ళు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే కేర్ ఎయిడ్‌గా పనిచేశాను. తర్వాత, బయటి దేశాల్లో చదివిన డాక్టర్ల కోసం పెట్టిన అంచనా ప్రోగ్రామ్‌లో సీటొచ్చింది. చివర్లో ఒక పరీక్ష. అందులో నెగ్గితే లైసెన్సు దారి తెరుచుకుంటుంది. రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు. ఆ పరీక్షలో రోగులు నిజం రోగులు కాదు, నటులు. గదిలో మంచం మీద గౌను వేసుకుని కూర్చుని, ఇచ్చిన జబ్బుని నటిస్తారు. తలుపు మీద ఒక కాగితం అంటిస్తారు, అందులో నాలుగు ముక్కల్లో కథ ఉంటుంది. అది తీసుకుని చదువుకుని, తలుపు తట్టి లోపలికి వెళ్ళాలి.

ప్రాక్టీసు మొదలైన మొదటి రోజు తలుపు తట్టి వెళితే, కుడివైపు మూతి జారిపోయి, కుడి కన్ను మూతపడక, కూర్చుని ఉన్నారు ఒక పెద్దాయన. గదంతా లవంగం వాసన. నేను ఆ వాసనని పట్టించుకోలేదు. కళ్ళు తిప్పండి, పళ్ళు చూపండి, నాలుక చాపండి అంటూ ఊపిరి తిప్పుకోకుండా పన్నెండు నరాలూ ముగించి, కాగితంలో ఉన్న కథకి సరిపోయే జబ్బు పేరు చెప్పి గర్వంగా నిలబడ్డాను. టైమ్ అయిపోయి టీచరు బయటికి వెళ్ళగానే, ఆ జారిపోయిన మూతి చటుక్కున సర్దుకుని తెలుగులో మాట్లాడింది.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను.

"బాగుంది. కానీ అమ్మాయ్, నువ్వు నన్ను పరీక్ష చెయ్యలేదు. నాకు పాఠం అప్పజెప్పావు."

నాకు ఒళ్ళు మండింది. "అన్నీ చేసిన కదా అంకుల్, ఒక్కటి కూడా మిస్ కాలే" అన్నాను.

"చేశావు. ఏం చెయ్యాలో అన్నీ చేశావు. చూడలేదు, అంతే. ఆ కాగితంలో ఉన్నది నా ముఖంలో వెతికావు. కాగితం బోర్లించి చూడు ఓసారి. పోనీ వాసన వస్తోందా అని నన్నడిగావా? ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా ఉన్నాను, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు ముక్కు లేదనుకుంటారు కాబోలు."

పద్యం ఎత్తుకునే ముందు గొంతు కోసం బుగ్గన లవంగం పెట్టుకోవడం ఆయనకి నాటకాల రోజుల నుంచి అలవాటట. పద్యాలు మానేసినా లవంగం మానలేదు. ఇంత జోరుగా వాసనొస్తున్న మనిషి ముందు నిలబడి నేను వాసన నరాన్ని మరిచిపోయాను. ఆ సిగ్గుతో బస్సెక్కితే, అదే బస్సులో ముందు సీట్లో ఆయన. అదే స్టాపులో దిగారు. మా బిల్డింగ్ లోకే నడిచారు. మేము మూడో అంతస్తు, వాళ్ళు రెండో అంతస్తు. ఆరు నెలలుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతూ, బూట్లకి మంచు దులుపుకుంటూ, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

లిఫ్టు లేని ఆ మూడంతస్తుల బిల్డింగే నాకు మెదడు కాండం నేర్పింది. మెదడుకీ వెన్నుపాముకీ మధ్య బొటనవేలంత ఉండే ఆ కాండాన్ని నేను వరంగల్లులో ఎన్నిసార్లు చదివానో, ఎన్ని బొమ్మలు గీశానో. అయినా పరీక్ష అయిన మర్నాడు ఏ నరం ఎక్కడ పుడుతుందో మళ్ళీ గుర్తుండేది కాదు. కోటిలింగం గారు ఒక సాయంత్రం మెట్ల దగ్గర నిలబెట్టి చెప్పారు. ఆయనకి ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. పాత్ర పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా వేషం వెయ్యకూడదని, లైబ్రరీలో బొమ్మల పుస్తకం తెచ్చుకుని, ఇంగ్లీషు మాటలకి మనవరాలిని అర్థం అడిగి నేర్చుకున్నారు.

"పై అంతస్తు మీది, మధ్య మెదడు. అక్కడ అద్దెకున్నవి రెండే, మూడూ నాలుగూ. రెండూ కంటిని తిప్పేవే. అందులో నాలుగోది తిక్కది. మిగతావన్నీ ముందు తలుపులోంచి వస్తే, అదొక్కటీ వెనక తలుపులోంచి, చెత్తడబ్బాల వైపు నుంచి వస్తుంది. మధ్య అంతస్తు మాది, పాన్స్. ఇంటి నిండా జనం, అయిదు నుంచి ఎనిమిది దాకా. నమలడం, కన్ను బయటికి తిప్పడం, ముఖం, చెవి. కింది అంతస్తు మెడుల్లా. అక్కడ గొంతూ గుండే భుజాలూ నాలుకా. కింది వాళ్ళు చప్పుడు చెయ్యరు గానీ, వాళ్ళు ఒక్క నిమిషం పడుకున్నారంటే బిల్డింగ్ మొత్తం పోయినట్టే. ఊపిరి వాళ్ళ చేతిలోనే ఉంది."

"మరి ఒకటి, రెండు?"

"వాసనా చూపూ దొరల బిడ్డలు. వాళ్ళకి మెట్లతో పనిలేదు, నేరుగా పెద్ద మెదడులోకే పోతారు."

నేను నవ్వాను గానీ, ఆ రోజు మెట్లెక్కుతూ ఒక్కో అంతస్తులో ఆగి నరాలు లెక్కపెట్టుకున్నాను. మూడో అంతస్తు దాకా లెక్క తప్పలేదు. పన్నెండేళ్ళుగా నోటికి వచ్చిన విషయం మొదటిసారి తలకి ఎక్కింది. ఆ రాత్రి మా ఆయనకి అన్నం వడ్డిస్తూ నాలుగో నరం వెనక తలుపు గురించి చెప్పాను. ఆయన ఐటీ మనిషి, పాపం, ఊఁ కొట్టారు.

ముఖం వేషాలన్నిటికీ ఆ ప్రోగ్రామ్ వాళ్ళకి కోటిలింగం గారే దిక్కు. ఎందుకంటే ఆయన చెయ్యగలిగింది ఇంకెవరూ చెయ్యలేరు. ముఖం నరమే దెబ్బతింటే సగం ముఖం నుదుటితో సహా పడిపోతుంది. అలా కాక పైన మెదడులో రక్తనాళం మూసుకుపోతే, అంటే స్ట్రోక్ వస్తే, మూతి జారుతుంది గానీ నుదురు ముడుతలు పడుతూనే ఉంటుంది. మొదటిదానికి మందులిచ్చి ఇంటికి పంపవచ్చు. రెండోదానికి ప్రతి నిమిషం విలువైనదే. రెండిటికీ తేడా నుదుట్లోనే ఉంది. అది నాకు పుస్తకం నుంచి తెలుసు, కారణం మాత్రం ఎప్పుడూ తారుమారు చేసుకునేదాన్ని.

"నుదుటికి పైనుంచి రెండు లైన్లమ్మా, కుడి మెదడు నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి. ఒకటి తెగినా రెండోది పలుకుతుంది. మూతికి ఒకటే లైను. అదీ అవతలి వైపు నుంచి. అది తెగితే మూతి జారిపోతుంది. కానీ ఫోనే పగిలిపోయిందనుకో, అప్పుడు ఎన్ని లైన్లుండి ఏం లాభం?" అని చెప్పి, వెంటనే చూపించేవారు. కుడి నుదురు ఇస్త్రీ చేసిన గుడ్డలా పడి ఉండగా ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేచేది. అలా సగం నుదురు పడేయడం ఎన్ని నెలలో అద్దం ముందు కూర్చుని సాధించారట. వేదిక మీద రాక్షసుడికి కనుబొమలే ఆయుధాలని, చివర చాప మీద కూర్చున్నవాడికి కూడా కనబడాలని గురువు చెప్పిన రోజుల్లోనే ఒక్కో కనుబొమా విడిగా ఎత్తడం వచ్చేసిందట. ఇంటికి ఎవరొచ్చినా ఎనిమిదేళ్ళ మనవరాలు, "తాతా, డూ ద స్ట్రోక్ ఫేస్" అని అడిగేది. ఆయన ముందు నుదురు ముడుతలు పెట్టి స్ట్రోక్ చూపించి, తర్వాత నుదురు పడేసి రెండోది చూపించేవారు. ఆ పిల్ల చప్పట్లు కొట్టి తేడా చెప్పేది. డిగ్రీ ఉన్న నేను పక్కన కూర్చుని నోట్సు రాసుకునేదాన్ని.

మొదటిసారి పరీక్ష పోయింది. భయంతో రెండు గదుల్లో ఏమీ చెప్పలేకపోయాను. రెండోసారి ఫిబ్రవరిలో. ఇది పోతే మళ్ళీ వృద్ధాశ్రమమే, జీవితాంతం. పదో గదిలో తలుపు మీది కాగితంలో ఇలా ఉంది: పొద్దున లేచేసరికి కుడి మూతి వంకర, నిన్నటి నుంచి చెవి వెనక నొప్పి. చదవగానే ఎవరికైనా ముఖం నరం జబ్బే తడుతుంది. నేను కాగితం బోర్లించి లోపలికి వెళ్ళాను. కోటిలింగం గారు. ఆ ఊళ్ళో ఇలాంటి నటులు కొద్దిమందే, కాబట్టి ఎవరికి ఎవరు తగిలినా అడిగేవాళ్ళు లేరు. చివర కుర్చీలో కొత్త ఎగ్జామినర్ చేతిలో జాబితా పట్టుకుని కూర్చున్నాడు. లవంగం పట్టుకుని వాసన అడిగాను, చూపు చూశాను, కళ్ళు తిప్పించాను. చెంప మీద దూది ఆనించేటప్పుడు నా చెయ్యి వణికి దూది కింద పడింది. వంగి తీసుకుని, కనుబొమలు పైకెత్తమన్నాను.

రెండూ లేచాయి. నుదుటి మీద ముడుతలు కుడి నుంచి ఎడమ దాకా తెగకుండా కనిపించాయి. ఒక్క క్షణమే, మళ్ళీ కుడివైపు పడిపోయింది. ఎగ్జామినర్ అప్పుడు జాబితాలో టిక్కు పెట్టుకుంటున్నాడు. నాకు వాదించుకునే టైమ్ లేదు. లేచిన నుదురు నా కళ్ళ ముందే లేచింది. నరం బతికే ఉంది, దెబ్బ పైన తగిలింది, వెంటనే స్ట్రోక్ టీమ్‌ని పిలవాలి అని చెప్పాను. కోటిలింగం గారి కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. గంట మోగింది.

బయట మిగతావాళ్ళంతా ఒకటే మాట. ముఖం నరం, మందులు, కంటికి కట్టు. నేనొక్కదాన్నే స్ట్రోక్ అన్నాను. ఇంటికొచ్చి కోటు విప్పకుండానే మంచం మీద పడ్డాను. ఎన్ని గదులు బాగా చేసినా ఒక్క ప్రమాదకరమైన తప్పు చాలు తీసేయడానికి. చూశానా, చూశాననుకున్నానా? ఆ నుదురు లేచిందా, నా భయం లేపిందా? పరీక్ష సంగతి నటులతో మాట్లాడనని సంతకం పెట్టాం కాబట్టి రెండో అంతస్తుకి వెళ్ళి ఆయన్ని అడగడానికీ లేదు. రెండు రోజులు ఆయన మెట్ల మీద ఎదురుపడకుండా చెవులు రిక్కించుకుని దిగాను. ఆయన నేర్పినట్టే కాగితం బోర్లించి మునిగిపోయానని ఆయన మీద కోపం కూడా వచ్చింది, దాచడం దేనికి.

మూడో రోజు ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ హెదర్ ఫోన్ చేసింది. నన్ను రమ్మని, కూర్చోబెట్టి, జరిగింది చెప్పింది. ముందు రోజు పొద్దున ఆఫీసు తెరవకముందే కోటిలింగం గారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారట. పదో గదిలో తను తప్పు నటించానని, ఆ అమ్మాయి చూసింది చూసినట్టే చెప్పిందని అన్నారట. పరీక్ష కమిటీ డాక్టర్లిద్దరూ అనుమానంగా, మీరిద్దరూ ఒకే దేశం, ఒకే భాష, ఒకే బిల్డింగ్ కదా అని అడిగారట. "అవును. అందుకే నా మాట నమ్మకండి. వీడియో చూడండి" అన్నారట ఆయన. గదుల మూలల్లో కెమెరాలుంటాయి. చూశారు. దూది పడింది, నేను వంగాను, లేచాను, అడిగాను. ఆయన నుదురు రెండువైపులా లేచింది. హెదర్ ఆ ముక్క నాకూ చూపించి, "ఆ గదిలో సరిగ్గా చూసింది నువ్వొక్కదానివే" అంది. ఆ గది మార్కులు సరిచేశారు. నేను పాసయ్యాను.

బస్సు దిగి, బూట్లు కూడా విప్పకుండా రెండో అంతస్తు తలుపు కొట్టాను. ఆయన టీ కాస్తున్నారు.

"ఎందుకు చెప్పలే అంకుల్ నాకు?"

"నీకు చెబితే నువ్వు వద్దనేదానివి. కూర్చో."

"మీరసలు తప్పు చెయ్యరు కదా. ఎట్లా లేచింది?"

ఆయన స్టవ్ మంట తగ్గించారు. "దూది పడిపోయింది చూడు. నీ చెయ్యి అంత వణకడం ఎప్పుడూ చూడలేదు. నాటకంలో కుర్ర వేషగాళ్ళు పద్యం మధ్యలో ఆగిపోతే, పక్కన నిలబడి నోరు మెదపకుండా కనుబొమలెత్తి 'ఊఁ, కానీ' అంటాం కదా, అదొచ్చేసిందమ్మా. నాకే తెలియలేదు. నువ్వు స్ట్రోక్ అన్నాక కూడా ఇదేమిటి ఈ పిల్ల ఇలా అంది అనుకున్నాను. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని నిన్ను తలుచుకుంటే అప్పుడు తెలిసింది. జాలి పడ్డాను. జబ్బు మనిషి డాక్టరు మీద జాలిపడకూడదు."

నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, అంతలోనే ఒక విషయం తట్టి ఆగలేకపోయాను. కావాలని ముఖం కదిపే ఆజ్ఞ ఒక దారిలో వస్తుందని, మనసులో కలిగింది ముఖం మీదికి వచ్చే దారి వేరే ఉందని, అందుకే కొందరు స్ట్రోక్ రోగులు నవ్వమంటే నవ్వలేరు గానీ జోక్ వేస్తే మూతి సమానంగా నవ్వుతుందని గబగబా చెప్పేశాను. ఆయన టీ పోయడం ఆపి విన్నారు. ముఖమంతా వెలిగిపోయింది.

"అయితే అద్దం ముందు నేను తాళం వేసింది మొదటి దారికే అన్నమాట. రెండోది బార్లా తెరిచే ఉంది. ఇన్నేళ్ళు ముఖం మీద బతికి ఈ సంగతి తెలియదు నాకు. ఇంకోసారి చెప్పమ్మా, నెమ్మదిగా."

ఆయనకి నేను నేర్పిన పాఠం అదొక్కటే. తర్వాత ఆయనే వెళ్ళి, ముఖం వేషాలు ఇక తనకి ఇవ్వవద్దని చెప్పేశారు. ఇంకో అమ్మాయి ఆశ మీద నీళ్ళు చల్లే పని తన వల్ల కాదన్నారు. అప్పటి నుంచి కడుపునొప్పీ మోకాలినొప్పీ నటించారు. కడుపునొప్పికి ఎవరైనా పనికొస్తారని నవ్వేవారు గానీ, మనవరాలు స్ట్రోక్ ఫేస్ అడిగినప్పుడు మాత్రం ఆ నవ్వులో కొంచెం లోటు కనబడేది. నా వల్ల పోయిన వేషం అది. నాకు ఈ చిన్న ఊళ్ళో పోస్టింగు వచ్చినప్పుడు ఆయన లవంగాల డబ్బా నా చేతిలో పెట్టి, ముక్కు మరిచిపోకు అన్నారు. రెండేళ్ళ క్రితం వసంతంలో నిద్రలోనే పోయారు. కింది అంతస్తు వాళ్ళు చప్పుడు చెయ్యకుండా పడుకున్నారు.

పోయిన నెల కనోలా అనే నూనెగింజలు పండించే ఒక రైతు, అరవై దాటినవాడు, భార్యతో వచ్చాడు. కుడి మూతి జారింది. దారిలో ఇంకెక్కడో చూపించుకుంటే, ముఖం నరం అని రాసి మందుల చీటీ ఇచ్చారు. ఆ కాగితం తీసుకుని బల్ల మీద బోర్లించాను. కనుబొమలెత్తమంటే అతను భయంతో బిగుసుకుపోయి నా వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంకోసారి అడగలేదు. నా కనుబొమలు రెండూ పైకెత్తాను, ఊఁ, కానీ అన్నట్టు. అతని నుదురు లేచింది. రెండువైపులా. దున్నిన చాళ్ళలా ముడుతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా. అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే నా గొంతు ఒక్క ముక్క తడబడలేదు.

ఈ రోజు మొదటి పేషెంటు అతనే. ట్రాక్టరు ఎక్కుతున్నాడట, మూతి ఇంకా రవ్వంత వంకర. ఆ రోజు ఎలా తెలిసింది డాక్టర్ అని అడిగాడు. మీరు నుదురెత్తారు కదా అన్నాను. "మీరు ముందు ఎత్తారు. ఏం ఫరవాలేదని చెబుతున్నట్టు ఉంది, అందుకే ఎత్తాను" అన్నాడు.

అది నా ముఖం కాదని, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పాలంటే మూడంతస్తులు ఎక్కించాలి. బయట ఇంకా నలుగురు కూర్చున్నారు. డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకోమని, ముక్కు దగ్గర పెట్టాను. అతను గట్టిగా పీల్చాడు.

"మా అమ్మ చేసే ఆపిల్ పై" అన్నాడు.

మొదటి నరం బాగుంది అని రాశాను.